స్ట్రింగరు ఊడిన ఫైబర్ బోటు: పైన ఇంకో పొర వేస్తే సరిపోతుందా?

ఉప్పాడ అల | ఏప్రిల్ 17, రాత్రి 9:40

అందరికీ నమస్తే అండి. మాది ఉప్పాడ దగ్గర. నాన్నకి 31 అడుగుల ఫైబర్ బోటు ఉంది, కొని ఆరేళ్లయింది. 15 నుంచి వేట నిషేధం కదా, ఒడ్డుకి లాగి లోపల పలకలు తీసి కడుగుతుంటే ఒకటి కనబడింది. అడుగు వంగకుండా ముందు నుంచి వెనక్కి రెండు స్ట్రింగర్లు ఉంటాయి. చెక్క దుంగ పెట్టి, దాని మీద నుంచి బోటు అడుగుకి మ్యాట్ (గాజు నారల పరుపు) పట్టీలు రెసిన్ జిగురుతో తడిపి అతికిస్తారు. ఎడమ పక్క స్ట్రింగరుకి ఇంజిను వెనకాల సుమారు నాలుగు అడుగుల మేర ఆ పట్టీ లేచిపోయింది. చెయ్యి పెట్టి పైకి లాగితే వచ్చేస్తోంది.

ఊళ్లో బోట్లు బాగుచేసే ఆయన వచ్చి చూశాడు. పైన ఇంకో మూడు పొరలు వేసేస్తే గట్టిగా ఉంటుంది, రెండు రోజుల పని అన్నాడు. నాన్న ఒప్పుకున్నాడు గానీ నాకు అనుమానంగా ఉంది. కింద పొరే పట్టుకోనప్పుడు పైన వేసింది దేన్ని పట్టుకుంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి. జూన్ 14 దాకా టైము ఉంది.

విశాఖ రేవు | ఏప్రిల్ 17, రాత్రి 10:25

తమ్ముడూ, నీ అనుమానం సరైనదే. ముందు ఆయన్ని పని మొదలెట్టొద్దని చెప్పు. రెసిన్ కూడా ఇప్పుడే కొనకు.

రేపు పొద్దున్న వెలుతురులో ఆ లేచిన పట్టీని పూర్తిగా పైకెత్తి, రెండు ముఖాలూ చూడు. పట్టీ అడుగు ఎలా ఉంది, బోటు మీద అది అంటుకున్న చోటు ఎలా ఉంది అన్నది చెప్పు. గాజు నారలు చిరిగి, తెల్లగా, గరుకుగా ఉంటే ఒక కథ. నున్నగా, మెరుస్తూ ఉంటే ఇంకో కథ. రెసిన్ పొరే మధ్యలో చీలి సగం అటు సగం ఇటు మిగిలితే మూడో కథ. 28 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఊడిన ముఖం చూడకుండా రిపేరు మొదలెట్టిన పడవ మళ్లీ నా దగ్గరికే వస్తుంది.

ఉప్పాడ అల | ఏప్రిల్ 18, ఉదయం 8:05

చూశానండి. నారలు ఒక్కటి కూడా చిరగలేదు. బోటు వైపు కొత్త స్టీలు కంచంలా నున్నగా ఉంది. పట్టీ అడుగున కూడా మెరుపే. వింత ఏంటంటే, బోటు మీద ఉన్న బ్రష్ గీతలు పట్టీ అడుగున అచ్చు గుద్దినట్టు కనబడుతున్నాయి. కొంత చోట నల్లగా డీజిలు జిడ్డు కూడా ఉంది.

విశాఖ రేవు | ఏప్రిల్ 18, ఉదయం 9:30

ఆ బ్రష్ గీతలే సాక్ష్యం. లోపల అంతా ముందే ఫ్లో కోటు, అంటే పైపూతగా వేసే చివరి రెసిన్ కోటు, కొట్టేసి, అది ఆరాక దాని మీద స్ట్రింగరు పట్టీ వేశారు. పాలియెస్టర్ రెసిన్ గాలి తగిలే ముఖం బంకబంకగా ఉండిపోతుంది కాబట్టి, చివరి కోటులో మైనం కలుపుతారు. ఆ మైనం పైకి తేలి గాలిని ఆపుతుంది, అప్పుడు గట్టిగా ఆరుతుంది. చివరి కోటుకి అది మంచిదే. కానీ దాని మీద ఇంకో పొర వేయాలంటే మైనం మొత్తం గీకి, కింద గాజు నార కనబడేదాకా గ్రైండింగ్ చెయ్యాలి. నీ బోటుకి అది చెయ్యలేదు. ఆరేళ్లు పట్టుకుని ఉందంటే అంచుల్లో ఎక్కడో కాస్త దొరికి వేలాడిందంతే.

ఇక్కడ కుడి స్ట్రింగరు గురించి కూడా ఆలోచించు. అదే యార్డు, అదే వారం, అదే చేతులు. పది రూపాయల బిళ్లతో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పో. బాగా అంటుకున్న చోట టక్ టక్ మని పదునుగా వస్తుంది. లేచిన చోట డబ్ డబ్ మని బోలుగా వస్తుంది. బోలు ఉన్న చోటల్లా సుద్దముక్కతో గీత గియ్యి.

బందరు వడ్రంగి | ఏప్రిల్ 18, మధ్యాహ్నం 1:15

నేను చెక్క పడవల మనిషిని. మా నాన్న, మా తాత కూడా అదే. మా పనిలో జిగురు మీద ఒక్కదాని మీదే ఎవరూ నమ్మకం పెట్టరు. స్ట్రింగరుకి అటూ ఇటూ రెండు అడుగులకి ఒక స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే ఇంక కదలదు కదా బాబూ? పైన ఫైబర్ పొర వేసుకో. రెండూ కలిసి మోస్తాయి.

రిటైర్డ్ ఏరో, బెంగళూరు | ఏప్రిల్ 18, సాయంత్రం 6:50

వడ్రంగి గారికి నమస్కారం. మీ అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక్క మాటకి అడ్డు చెప్పాలి. "రెండూ కలిసి మోస్తాయి" అన్నది మా విమానాల పనిలో చాలా ప్రాణాల మీదికి తెచ్చిన నమ్మకం.

జిగురు అతుకు చాలా బిర్రుగా ఉంటుంది, వెంట్రుకవాసి కదలకుండానే బరువంతా పట్టేస్తుంది. బోల్టుకి రంధ్రంలో కొంచెం సందు ఉంటుంది, అది కదిలాకే పని మొదలెడుతుంది. అంటే జిగురు ఉన్నంతసేపూ బోల్టు ఊరికే కూర్చుంటుంది. జిగురు ఊడిన రోజున మొత్తం బరువు ఒక్కసారిగా బోల్టు రంధ్రం అంచు మీద పడుతుంది. ఆ రంధ్రం ఆ బరువుకి లెక్క వేసింది కాకపోతే అక్కడి నుంచి పగులు మొదలవుతుంది.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కి జరిగింది ఇదే. తొలినాళ్ల 737లలో రేకు మీద రేకు అతుకుని ఎపాక్సీ జిగురుతో అతికించి, మూడు వరసల రివెట్లు కూడా వేశారు. బరువు మోయాల్సింది జిగురు. కొన్ని చోట్ల జిగురు సరిగ్గా పట్టలేదు, సముద్రపు తేమ లోపలికి వెళ్లింది, తుప్పు పట్టింది, జిగురు వదిలేసింది. బరువు రివెట్ల మీదికి వచ్చింది. రివెట్టు తల రేకులో మునగడానికి చెక్కిన గుంట అంచు కత్తిలా పల్చగా ఉంది. అక్కడ పుట్టిన చిన్న చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి. 89,680 సార్లు ఎగిరిన విమానం పైకప్పు సుమారు 18 అడుగుల మేర గాల్లోనే ఊడిపోయింది. ఒక విమాన సిబ్బంది ప్రాణం పోయింది. మిగతావాళ్లతో పైలట్లు దాన్ని దించగలిగారు, అది వాళ్ల గొప్పతనం.

నీ బోటు విషయంలో ఇంకో నష్టం ఉంది బాబూ. అడుగుకి బోల్టు వేస్తే చెక్కలోకి ఉప్పునీరు పోయే దారి నువ్వే చేసినట్టు. అయితే వడ్రంగి గారి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని పారెయ్యకూడదు. జిగురు అతుకు ఎక్కువగా కొసల్లోనే లేవడం మొదలెడుతుంది. స్ట్రింగరు రెండు కొసల్లో, పైకి లేవకుండా ఒక్కో చోట పట్టి ఉంచే బోల్టు మంచి కాపలాదారు. అదీ నీటి మట్టానికి పైన, రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి ఎపాక్సీతో నింపి, ఆరాక అందులోంచి మళ్లీ సన్న రంధ్రం వేసి బిగిస్తేనే.

బందరు వడ్రంగి | ఏప్రిల్ 18, రాత్రి 8:10

బోల్టు ఊరికే కూర్చుంటుందన్న మాట నాకు కొత్త. చెక్కకి చెక్క కడితే రెండూ కాస్త కదులుతాయి కాబట్టి మా పనిలో అది సరిపోయిందేమో. సరే అండి, కొసల్లో మాత్రమే. రంధ్రం తొలిచి నింపి మళ్లీ తొలిచే పద్ధతి నేనూ వాడతాను, అది నూటికి నూరుపాళ్లు నిజం.

ఉప్పాడ అల | ఏప్రిల్ 19, రాత్రి 9:00

బిళ్లతో కొట్టి చూశాను. కుడి స్ట్రింగరుకి కూడా రెండు చోట్ల బోలు శబ్దం వచ్చింది, ఒకటి జానెడు, ఒకటి మూరెడు. నాన్నకి చూపించాను, ఇప్పుడు ఆయనకీ భయం పట్టుకుంది.

రెండు ప్రశ్నలు. పాత పట్టీ 50 మి.మీ. వెడల్పే ఉంది. దాన్ని 150 చేస్తే మూడింతల బలం వస్తుందా? రెండోది, మా పక్కింటి అన్న ఐదు నిమిషాల్లో ఆరే ఎపాక్సీ తెస్తానంటున్నాడు, చాలా గట్టిదట. వాడొచ్చా?

సైటు ఇంజినీరు, హైదరాబాద్ | ఏప్రిల్ 19, రాత్రి 10:15

రెండో దానికి నేను చెబుతాను. వాడొద్దు. మాది బిల్డింగుల పని, కాంక్రీటులో రంధ్రం వేసి ఎపాక్సీతో కడ్డీలు నాటుతుంటాం. త్వరగా ఆరే రకం ఎపాక్సీ మీద మాకు ఎప్పటికీ మరిచిపోలేని పాఠం బోస్టన్ సొరంగం. 2006 జులై 10న రోడ్డు సొరంగం పైకప్పు నుంచి సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు, ఇనుప సామాను ఒక కారు మీద పడి ఒక మహిళ చనిపోయింది. ఆ పలకల్ని పట్టుకున్న బోల్టులు ఎపాక్సీతో నాటినవి. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది ఏంటంటే, అక్కడ వాడింది త్వరగా ఆరే రకం, దానికి ఎడతెగని బరువు కింద మెల్లగా సాగిపోయే గుణం ఉంది. కాసేపు లాగి చూసే పరీక్షలో అది పాసవుతుంది. ఏళ్ల తరబడి వేలాడే బరువు కింద రోజుకి రవ్వంత జారుతూ ఒకరోజు ఊడి వస్తుంది.

మా సైట్లలో నేను రోజూ పోట్లాడేది ఇంకో దాని గురించి. డ్రిల్లు వేశాక రంధ్రంలో దుమ్ము ఉంటుంది. ఊది, బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదాలి. చాలామంది ఒక్కసారి ఊది ఎపాక్సీ కొట్టేస్తారు. అప్పుడు ఎపాక్సీ దుమ్ముని పట్టుకుంటుంది, గోడని కాదు. మీ మైనం కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

రిటైర్డ్ ఏరో, బెంగళూరు | ఏప్రిల్ 20, ఉదయం 7:20

మొదటి ప్రశ్న చాలా మంచిది. మా కాలేజీలో దీనికి ఒక సెమిస్టరు పట్టింది.

గోడకి అంటించిన సినిమా పోస్టరుని ఊహించుకో. అరచెయ్యి ఆనించి పక్కకి జరపాలని చూస్తే కదలదు. అంచు గోటితో లేపి పట్టుకుని ఒలిస్తే సర్రున వచ్చేస్తుంది. జిగురు అదే, గోడ అదే. పక్కకి జరిపే బలానికి జిగురు మొత్తం వెడల్పూ ఎదురు నిలుస్తుంది. ఒలిచే బలానికి ఆ క్షణంలో అంచున ఉన్న సన్న గీత మాత్రమే ఎదురు నిలుస్తుంది. కాబట్టి అతుకు గీసేటప్పుడు మొదటి పని ఒలిచే బలాన్ని తప్పించడం.

ఇక వెడల్పు. పక్కకి జరిపే బలం కూడా అతుకు అంతటా సమానంగా పడదు. 1938లోనే వోల్కర్సన్ లెక్క వేసి చూపించాడు, రెండు కొసల దగ్గరే ఎక్కువగా పడుతుంది, మధ్యలో పల్చగా ఉంటుంది. 1944లో గోలాండ్, రైస్నర్ ఇంకో సంగతి కలిపారు: రేకు మీద రేకు అతుకు లాగితే వంగుతుంది, ఆ వంపు వల్ల కొసల్లో ఒలిచే బలం పుడుతుంది. అందుకని 50ని 150 చేస్తే మూడింతలు రాదు. ఒక హద్దు దాటాక పెంచిన వెడల్పు మధ్యలో తక్కువ పనిచేసే భాగాన్నే పెంచుతుంది. అలాగని ఆ మధ్య భాగం వృథా కాదు. దాని మీద బరువు తక్కువ కాబట్టి అది సాగదు, పైన సైటు ఇంజినీరు గారు చెప్పిన జారుడుని అదే ఆపుతుంది.

నిజంగా బలం పెంచేది కొసని పల్చబరచడం. పట్టీ ఒక్కసారిగా నిట్టనిలువు గట్టులా ఆగిపోకూడదు, పొర పొరకీ తగ్గుతూ సున్నాకి దిగిపోవాలి. స్ట్రింగరుకి కూడా అదే సూత్రం. నీ బోటులో అది ఇంజిను వెనకాల ఎలా ఆగింది, నిట్టనిలువుగా కోసినట్టా? ఇసుక మీదికి బోటుని తోసిన ప్రతిసారీ అడుగు లోపలికి వంగుతుంది. స్ట్రింగరు ఉన్నంత మేర వంగదు, అది ఆగిన చోట ఒక్కసారిగా వంగుతుంది. ఒలుపు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఉప్పాడ అల | ఏప్రిల్ 20, ఉదయం 8:40

నిట్టనిలువుగానే ఉందండి! పట్టీ లేచింది కూడా ఆ కొస నుంచే.

షార్జా యార్డు | ఏప్రిల్ 21, రాత్రి 11:30

నాది నరసాపురం, పద్నాలుగేళ్లుగా షార్జాలో ఫైబర్ బోట్ల యార్డులో లామినేషన్ పని. ఎలా చెయ్యాలో నేను చెబుతాను, ఆలస్యమైనా ఓపిగ్గా చదువు తమ్ముడూ.

లేచిన పట్టీ మొత్తం తీసెయ్. గట్టిగా ఉన్నట్టు కనబడే భాగం కూడా, బోలు శబ్దం ఆగిన చోటు దాటి ఇంకో జానెడు దాకా. చెక్కలో నాలుగైదు చోట్ల సన్న రంధ్రం వేసి పొట్టు చూడు. పొడిగా, లేత రంగులో వస్తే పర్వాలేదు. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో వస్తే ఆ దుంగ మార్చాల్సిందే.

తర్వాత మంచినీళ్లతో ఉప్పు కడుగు. ఆరనివ్వు. ఎంత ఆరిందో తెలియాలంటే ఒక పాలిథిన్ ముక్క నాలుగు పక్కలా టేపు వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున దాని అడుగున చెమట పడితే ఇంకా తేమ ఉన్నట్టు.

ఇప్పుడు వరస చాలా ముఖ్యం. ముందు ఎసిటోన్‌తో తుడవాలి, ఆ తర్వాతే గ్రైండింగ్. తిరగేస్తే చక్రం మైనాన్నీ డీజిలునీ గరుకు గీతల్లోకి రుద్దుతుంది, ఇంక రాదు. రెండు గుడ్డలు పట్టుకో, ఒకటి తడిది, వెంటనే వెనక పొడిది. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు ఇక్కడి నుంచి అక్కడికి మారుతుంది, అంతే. పెయింటు షాపు చవక థిన్నరు వద్దు, అందులో ఏముందో ఎవరికీ తెలీదు. తర్వాత 36 లేదా 40 నంబరు డిస్కుతో మెరుపు ఒక్క చుక్క కూడా మిగలకుండా, గాజు నార కనబడేదాకా గీకు. దుమ్ము వాక్యూమ్‌తో తీయి, కంప్రెసరుతో ఊదొద్దు, ఆ గాల్లో నూనె ఉంటుంది. ఆపైన చేత్తో తాకకు. అదే రోజు పొర వేసెయ్.

దుంగని నేరుగా బోటు అడుగుకి ఆనించకు. మధ్యలో పుట్టీ పరుపు వెయ్యి. మూలలో వేలు పట్టేంత గుండ్రం ఉండాలి, 12 నుంచి 15 మి.మీ. సరిపోతుంది. పదునైన మూలలో గుడ్డ కూర్చోదు, కింద గాలి బుడగ మిగులుతుంది. పుట్టీలో ఏరోసిల్ (చిక్కబరిచే సన్న సిలికా పొడి), తరిగిన గాజు నార కలుపు. టాల్కం పౌడరు ఒక్కటే కలిపితే పెళుసుగా పగులుతుంది. దుంగ వెనక కొసని ఏటవాలుగా చెక్కి నేలకి దింపెయ్, పైన సారు చెప్పినట్టు.

గుడ్డ కోసేటప్పుడు 45 డిగ్రీల ఏటవాలుగా కొయ్యి. రోవింగ్‌ని, అంటే నిలువు అడ్డం నారలతో నేసిన గాజు గుడ్డని, నిలువుగా పరిస్తే సగం నారలు స్ట్రింగరు వెంబడి పడుకుంటాయి, మూల దాటి అడుగుని పట్టుకునేవి సగమే. ఏటవాలుగా కోస్తే అన్నీ మూల దాటుతాయి. ఇది ఖర్చు లేని బలం.

రెసిన్ ఏది? ఆరిపోయిన పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, కొత్త పాలియెస్టర్ అంతగా పట్టుకోదు, పైగా ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. డబ్బు రెండు మూడింతలవుతుంది, కానీ ఈ నాలుగు అడుగులకి కావలసింది కొన్ని కిలోలే. ఎపాక్సీ అయితే మామూలు మ్యాట్ వాడకు. మ్యాట్‌లో నారల్ని పట్టి ఉంచే బంక పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, మ్యాట్ బిర్రుగా ఉండిపోయి మూల తిరగదు. నారల్ని బంకతో కాకుండా దారంతో కుట్టిన కుట్టు గుడ్డ అడుగు.

ఒకటి గట్టిగా చెబుతున్నా. పాలియెస్టర్ వాడితే అది ఆరడానికి కలిపే కోబాల్టు, హార్డ్‌నరు రెండూ ఎప్పుడూ నేరుగా కలపొద్దు, మంట లేస్తుంది, పేలుతుంది. ముందు కోబాల్టు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డ్‌నరు. హార్డ్‌నరు కంట్లో పడితే చూపు పోతుంది, అద్దాలు లేకుండా డబ్బా మూత తియ్యకు. గ్రైండింగ్‌కి గుడ్డ కట్టుకోవడం చాలదు, మంచి మాస్కు కొను.

విశాఖ రేవు | ఏప్రిల్ 22, ఉదయం 6:30

షార్జా తమ్ముడు చెప్పినదంతా నా మాటే అనుకో. మన తీరం గురించి ఒకటి కలుపుతాను. మే నెల మధ్యాహ్నం బోటు అడుగు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, మగ్గులో ఎపాక్సీ పొగలు కక్కుతుంది. అందుకని చాలామంది తెల్లవారుజామున వేస్తారు. అప్పుడు మంచు చెమట ఉంటుంది, కంటికి కనబడదు, అతుకుని చంపేస్తుంది. నేను తాటాకు పందిరి వేసి సాయంత్రం నాలుగు దాటాక వేస్తాను. ఎపాక్సీని మగ్గులో ఉంచకుండా వెడల్పు పళ్లెంలో పరిస్తే వేడెక్కదు. రాత్రి ఆరాక పొద్దున పైన సబ్బు జిగటలాంటిది తేలితే మంచినీళ్లతో తోమి కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితం పట్టాకే తర్వాతి పొర.

పొరల వరస మాత్రం నేను చిన్నది ముందు, పెద్దది పైన వేస్తాను.

షార్జా యార్డు | ఏప్రిల్ 22, రాత్రి 10:45

అన్నా, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. పెద్దది ముందు వేస్తే ఒకే పొర మొత్తం వెడల్పూ బోటుని పట్టుకుంటుంది. తర్వాత పైన నునుపు చేసేటప్పుడు చిన్న పొరల అంచులే అరుగుతాయి, అడుగున ఉన్న పెద్దది చెక్కు చెదరదు. చిన్నది ముందు వేస్తే పైన పెద్ద పొర ప్రతి మెట్టు దగ్గరా వంతెన కడుతుంది, కింద ఖాళీ మిగులుతుంది.

విశాఖ రేవు | ఏప్రిల్ 23, ఉదయం 6:15

నా పద్ధతిలో ప్రతి పొర కొసా బోటుని నేరుగా తాకుతుంది, అందుకని. రోలరు బాగా తిప్పితే వంతెన కట్టదు. అయినా కొత్త చేతులకి నీ పద్ధతే సులువు, ఆ మాట ఒప్పుకుంటాను. తమ్ముడూ, పెద్దది ముందు వేసుకో.

అసలు పని ముందు ఒక పరీక్ష చెయ్యి. గీకిన చోట అరచేతంత గుడ్డ ముక్క అదే రెసిన్‌తో అంటించు, ఒక కొస కింద టేపు పెట్టి వదులుగా ఉంచు. పక్కనే, గీకకుండా ఊరికే తుడిచిన చోట ఇంకొకటి. రెండు రోజులాగి పటకారుతో ఒలిచి చూడు.

ఉప్పాడ అల | మే 6, రాత్రి 8:20

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. దుంగ వెనక కొస రెండు అడుగులు నల్లగా ఉంది, కోసి కొత్త ముక్క ఏటవాలు అతుకుతో కలిపాం. ఏటవాలు ఎంత ఉండాలని బందరు వడ్రంగి గారికి ఫోను చేస్తే మందానికి ఎనిమిదింతలు అన్నారు, అలాగే చేశాం. ఆరడానికి పదకొండు రోజులు పట్టింది. పాలిథిన్ అడుగున మూడుసార్లు చెమట చూశాను, నాలుగోసారి పొడి.

పరీక్ష ముక్కలు ఈరోజు ఒలిచాను. గీకని చోటిది పటకారు పట్టగానే ఒక్క ముక్కగా వచ్చేసింది, అడుగున మళ్లీ అదే మెరుపు. గీకిన చోటిది రాలేదు. రెండు చేతులతో లాగితే గుడ్డే చిరిగింది, బోటు మీద తెల్లటి నారలు గడ్డంలా మిగిలాయి. నాన్న ఆ రెండు ముక్కలూ జేబులో పెట్టుకుని మా వీధిలో బోట్లున్న అందరికీ చూపిస్తున్నాడు. ఊళ్లో బాగుచేసే ఆయన కూడా చూసి, ఆ గ్రైండింగ్ డిస్కు ఎక్కడ కొన్నావని అడిగాడు.

రిటైర్డ్ ఏరో, బెంగళూరు | మే 7, ఉదయం 7:00

చాలా సంతోషం బాబూ. ఆ ముక్కలు దాచి పెట్టు. మా ప్రయోగశాలలో ఎంత ఖరీదైన అల్ట్రాసోనిక్ యంత్రం ఉన్నా, అతుకులో ఖాళీ ఉందో లేదో చెబుతుంది గానీ, ఆనుకుని ఉన్న అతుకు ఎంత బలంగా పట్టుకుందో చెప్పలేదు. అందుకే మేం కూడా ప్రతి అతుకుతో పాటు అదే జిగురు, అదే చెయ్యి, అదే రోజు ఒక నమూనా ముక్క చేసి విరిచి చూస్తాం.

ఉప్పాడ అల | జూన్ 27, రాత్రి 9:50

15న బోటు దించాం. ఇప్పటికి తొమ్మిది ట్రిప్పులు. నిన్న ఒడ్డున ఉండగా మళ్లీ బిళ్లతో రెండు స్ట్రింగర్లూ కొట్టి చూశాను. ఎడమది మొత్తం పదునుగా ఉంది. కుడి వైపు, మేం జానెడు చోటు విప్పి వేసిన దానికి అవతల, సుమారు నాలుగు అంగుళాలు కాస్త బోలుగా అనిపించింది. అప్పుడు గీత గీసిన దానికి ఇంకో జానెడు అవతలికి వెళ్లమన్నారు కదా, అక్కడ పంపు అడ్డం ఉందని మేం ఆగిపోయాం. సుద్దతో కాకుండా ఈసారి పెయింటుతో గీత గీసి తేదీ రాశాను. వారానికోసారి కొడతాను. ఆ గీత దాటితే పంపు విప్పుతాం.